వాలు

టేపు అవతలి కొస పట్టుకునే ఉద్యోగం నాది.
ఇంజనీరు అంకె చదువుతాడు, నేను వంగి
సముద్రం వైపు కొసను నొక్కి పెడతాను.
పదకొండేళ్ళుగా వనువాటు దీవుల అంచులన్నీ
నా బొటనవేలి కిందనుంచే వెళ్ళాయి.

అది రెండు వారాలకోసారి ఓడ వచ్చే చోటు.
పాత రేవును తుపాను నమిలి ఊసేసింది.
అప్పట్నుంచి కొబ్బరి కురిడీ బస్తాలూ, పందులూ, నెలలు నిండిన ఆడవాళ్ళూ
మోకాలిలోతు నీళ్ళలోంచే ఓడెక్కారు,
లేమారా తప్ప.
ఆమెను ఇద్దరు మగాళ్ళు మోసేవారు
ఆమె అల్లిన చాపల కట్టతో పాటు.
"తడవనీకురోయ్" అనుకునేవారు,
చాపల గురించి.

కొత్త రేవు కాగితంలో ర్యాంపు ఉంది:
పన్నెండడుగుల నడకకు ఒక్క అడుగు ఎత్తు.
సిమెంటు మాత్రం నలభై బస్తాలు తక్కువపడింది.
"వాలు కాస్త నిక్కితే ఏం?" అన్నాడు టారిలెయో ఇంజనీరు.
"ఉందా లేదా అనే కదా అడిగేది."
నివేదిక అప్పటికే విలాకు వెళ్ళిపోయింది.
అందరికీ అందుబాటులో, అని రాసి ఉంది అందులో.
ఆ మాట కింద నా సంతకం కూడా ఉంది,
చిన్నది, సాక్షిగా.

రిబ్బన్ కత్తిరింపుకు రెండు రోజుల ముందు
లేమారా వచ్చింది, తన కుర్చీ తనే తోసుకుంటూ,
ఒళ్ళో పీచు ఒలవని కొబ్బరికాయ.
ఎవర్నీ పలకరించలేదు.
కాయను ర్యాంపు నెత్తిన పెట్టి
నిద్రపోయే బిడ్డ బుగ్గను తాకినట్టు
ఒక్క వేలితో తాకింది.

కాయ మొదట ఆలోచించింది.
తర్వాత ఆలోచించడం మానేసింది.
పిల్లలు లెక్కపెట్టారు: ఒకటి, రెండు, మూ...
అప్పటికే అది నీళ్ళలో ఉంది.

"కాయ తేలుతుంది," అంది లేమారా.
"నేను తేలను."

ఆ రాత్రి నకమాల్‌లో కావా చిప్పలు చల్లబడ్డాయి.
ఆడవాళ్ళు గడప బయట కూర్చునే చోటది.
ఆమె కుర్చీ ముందు చక్రాలు మాత్రం లోపలున్నాయి;
బయటికి లాగమని ఎవరికీ నోరు రాలేదు.
"మా తాతలకు రాళ్ళమెట్లే చాలాయి," అన్నాడు కలొపోంగ్ పెద్ద.
"మీ తాతలకు మోకాళ్ళుండేవి," అందామె.
ఆయన తన మోకాలి మీది చెయ్యి తీసేశాడు.

సిమెంటు ఎక్కడుందో తెల్లారేసరికి తేలింది.
పేర్లు చెక్కే పలక దిమ్మెకు పద్దెనిమిది బస్తాలు,
జెండా కర్రకు తొమ్మిది,
మిగతావి చర్చి గోడ కోసం దాచినవి. పాస్టరు మాట్లాడకుండా
తాళంచెవి ఇచ్చాడు.

అయినా ఆమె లేవనెత్తిన రెండో మాట
ఇంకా అక్కడే నిలబడి ఉంది:
"నా మనవరాలు దిగే నాటికి నీళ్ళు ఎక్కడుంటాయి?"
టారిలెయో పట్టికలు తిరగేశాడు. ఆ తర్వాత
మొదటిసారి టేపు ఈ కొస వైపు చూశాడు.
చెప్పాను.
ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇక్కడే
నేను చెప్పులు విడిచిన రాయి
ఇప్పుడు ఆటుపోటుకు కూడా బయటపడదు, పీతలదైపోయింది.

రేవును రెండు జానలు లేపాం.
లేపితే వాలు సాగింది, సాగితే చోటు చాలక
మధ్యలో మోచేయిలా వంగింది.
రిబ్బన్ కత్తిరించేవాళ్ళు రాలేదు, తేదీ దాటిందట.
ఎవరికోసమో కట్టామనుకున్నాం;
ముందుగా నడిచింది ఒక పంది.
దాని వెనక కురిడీ తోపుడుబండ్లు, జ్వరం పిల్లాణ్ణి ఎత్తుకున్న తల్లి,
ఎవరూ చూడట్లేదనుకుని కలొపోంగ్ పెద్ద.

ఓడ వచ్చిన రోజు
లేమారా ఒక్కతే దిగింది, ఒంపు దగ్గర ఒకసారి ఆగి.
మావైపు చూస్తుందేమో అనుకున్నాను.
చూడలేదు. తీరిక లేదు.
కుర్చీకి సరుకు కింద వేరే రేటు కట్టాడు ఓడ గుమాస్తా.
ఓడ మూడుసార్లు కూత వేసింది,
ఆమె ఇంకా పేచీ పెడుతూనే ఉంది.